రూటర్‌లో పోర్ట్ తెరవకుండానే నాన్నగారి కంప్యూటర్ చూడొచ్చు

ప్రశ్న: మా నాన్నగారు రిటైరయ్యాక కంప్యూటర్ ఎక్కువగా వాడుతున్నారు. నేను వేరే ఊళ్లో ఉంటాను. ప్రింటర్ కదలకపోయినా, మెయిల్ తెరుచుకోకపోయినా నాకే ఫోన్ వస్తుంది. "పైన ఎడమవైపు చూడండి, మూడు గీతలు కనిపిస్తున్నాయా" అని ఎంతసేపు చెప్పినా పని కాదు, ఇద్దరికీ విసుగే మిగులుతుంది. మొన్న ఇంటికి వెళ్లినప్పుడు ఆయన విండోస్‌లో రిమోట్ డెస్క్‌టాప్ ఆన్ చేసి, పక్క గదిలోంచి నా ల్యాప్‌టాప్‌తో పరీక్షించాను. చక్కగా వచ్చింది. తిరిగొచ్చాక అదే అడ్రస్ కొడితే కనెక్ట్ కావడం లేదు. ఎవరో చెప్తే, నాన్నగారికి ఫోన్లో చెప్పి రూటర్‌లో 3389 పోర్ట్ ఫార్వర్డ్ చేయించాను. రాలేదు. విండోస్ ఫైర్‌వాల్ కూడా ఆఫ్ చేయించాను. అయినా రాలేదు. ఇంకేం మార్చాలి?
ఒక పాఠకురాలు

జవాబు: ఇంకేం మార్చాలో చెప్పే ముందు, మార్చిన ఆ రెండూ వెనక్కి తిప్పించండి. ఈరోజే నాన్నగారికి ఫోన్ చేసి విండోస్ ఫైర్‌వాల్ మళ్లీ ఆన్ చేయమనండి, రూటర్‌లో పెట్టిన 3389 ఫార్వర్డింగ్ (ఆ నంబర్ తలుపుకి బయటినుంచి వచ్చేవాటిని లోపలి కంప్యూటర్‌కి పంపమని రూటర్‌కి చెప్పే ఏర్పాటు) తీసేయమనండి. ఎలాగూ పనిచేయలేదు కదా, ఉంటే నష్టమేముంది అనుకోవద్దు. అది పనిచేయకపోవడానికి కారణం చాలా చిన్నదై ఉండొచ్చు. రూటర్ ఒకసారి ఆగి మళ్లీ మొదలైనప్పుడు ఆ కారణం దానంతటదే పోవచ్చు కూడా. అప్పుడు ఆ దారిలో మీకంటే ముందు వేరేవాళ్లు వచ్చి తలుపు తడతారు.

నిజానికి మీరు కోరుకుంటున్న పనికి రూటర్ సెట్టింగుల్లో చేయి పెట్టాల్సిన అవసరమే లేదు. అది ఎలాగో చెప్తాను. అంతకంటే ముందు, ఇంట్లో పనిచేసింది బయటినుంచి ఎందుకు పనిచేయలేదో తెలుసుకోండి. అది తెలిస్తే రేపు ఏ సాఫ్ట్‌వేర్ వాడినా ఎక్కడ ఆగిందో మీరే పట్టుకోగలరు.

పక్క గదిలోంచి మీరు కొట్టిన అడ్రస్ బహుశా 192.168తో మొదలై ఉంటుంది. 192.168తో మొదలయ్యేవి, 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉండేవి ఇళ్లలో, ఆఫీసుల్లో లోపలి వాడకం కోసం పక్కన పెట్టిన అడ్రస్‌లు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లు 1996లోనే ఆ ఏర్పాటు ఖరారు చేశారు. ఇవి ఆఫీసు ఫోన్లలో ఎక్స్‌టెన్షన్ నంబర్ లాంటివి. లోపల ఉన్నవాళ్లు 24 నొక్కితే పక్క టేబుల్ మీద ఫోన్ మోగుతుంది. బయట ఊళ్లో ఉన్నవాళ్లు 24 నొక్కితే ఎక్కడా మోగదు, ఎందుకంటే ప్రతి ఆఫీసులోనూ ఒక 24 ఉంటుంది. లోపలివాళ్లు బయటికి ఫోన్ చేసుకోవడానికి అడ్డేమీ లేదు. బయటివాళ్లు మాత్రం ఆఫీసు పెద్ద నంబర్‌కి చేయాలి, అక్కడ కూర్చున్నవాళ్లకి ఏ ఎక్స్‌టెన్షన్‌కి కలపాలో తెలిసుండాలి.

ఇంట్లో ఆ పని చేసేది రూటర్. నాన్నగారి కంప్యూటర్ బయటికి వెళ్లి ఒక వెబ్‌సైట్ అడిగితే, రూటర్ ఆ సంగతి తన పట్టికలో రాసుకుంటుంది. జవాబు రాగానే పట్టిక చూసి సరిగ్గా ఆ కంప్యూటర్‌కే పంపుతుంది. ఎవరూ అడగకుండా బయటినుంచి ఏదైనా వస్తే పట్టికలో దాని ఊసే ఉండదు కాబట్టి పారేస్తుంది. మీ రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ ఆగింది అక్కడే. విండోస్ ఫైర్‌వాల్ దాకా అది రానేలేదు. అందుకే ఫైర్‌వాల్ ఆపినా తేడా ఏమీ కనిపించలేదు. ఆపడం వల్ల జరిగింది ఒక్కటే: ఆ ఇంట్లో వైఫైకి తగిలించిన ప్రతి ఫోన్‌కి, ప్రతి టీవీకి, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ల ల్యాప్‌టాప్‌కి నాన్నగారి కంప్యూటర్ ముందుకంటే దగ్గరైంది.

మరి ఫార్వర్డింగ్ పెట్టాక కూడా ఎందుకు రాలేదంటారా? ఇంట్లో వాడిన 192.168 అడ్రస్‌నే మళ్లీ కొట్టి ఉంటే అదే కారణం, బయటినుంచి ఆ ఇంటి పబ్లిక్ అడ్రస్, అంటే బయటి ఇంటర్నెట్‌కి కనిపించే అడ్రస్ కొట్టాలి. అది సరిగ్గానే కొట్టినా ఇంకొన్ని అడ్డంకులు ఉంటాయి. రూటర్ లోపలి అడ్రస్‌లను శాశ్వతంగా ఇవ్వదు. ఫార్వర్డింగ్‌లో 192.168.1.5 అని రాసి ఉండి, కంప్యూటర్ మర్నాడు 192.168.1.7 తీసుకుంటే దారి ఖాళీ గోడకి వెళ్తుంది.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ అనుమానం ఇంకోదాని మీద. దాన్ని సీజీ నాట్ అంటారు. పాతరకం ఇంటర్నెట్ అడ్రస్‌లు అందరికీ సరిపడా లేవు. అందుకని చాలా కంపెనీలు ఒకే పబ్లిక్ అడ్రస్‌ని ఎన్నో ఇళ్లకి కలిపి ఇస్తున్నాయి. అంటే మీ నాన్నగారి రూటర్‌కి పైన, కంపెనీ దగ్గర ఇంకో పెద్ద రూటర్ ఉంది. మీ ఇంటి రూటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా పైనున్న ఆ పెద్దదానికి ఆ సంగతి తెలియదు. దీన్ని కనిపెట్టడం తేలికే. రూటర్ స్టేటస్ పేజీలో వాన్ (WAN) అడ్రస్ అని ఒకటి ఉంటుంది, అది రూటర్‌కి బయటివైపు ఉన్న అడ్రస్. అదే సమయంలో అదే కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి, మన ఐపీ అడ్రస్ చూపించే సైట్ ఏదైనా చూడమనండి. రెండూ ఒకటే అయితే మధ్యలో ఎవరూ లేరు. వేరైతే పైన ఇంకో రూటర్ ఉన్నట్టే. వాన్ అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే ఇక సందేహం అక్కర్లేదు, ఆ వరుసను 2012లో ప్రత్యేకించి ఈ పనికే కేటాయించారు. అదే 192.168తో మొదలైతే ఇంట్లోనే మోడెమ్ ఒక రూటర్‌గా, దాని వెనక మీరు కొన్నది ఇంకో రూటర్‌గా పనిచేస్తున్నాయేమో చూడాలి.

సీజీ నాట్ ఉంటే ఫార్వర్డింగ్ గురించి ఒక్క నిమిషం కూడా వృథా చేయకండి. లేకపోయినా ఈ పోర్ట్ తెరవొద్దనే చెప్తాను. 3389 అనేది రిమోట్ డెస్క్‌టాప్ పోర్ట్ అని అందరికీ తెలుసు. ఇంటర్నెట్ మొత్తాన్నీ జల్లెడపట్టి అది ఎక్కడెక్కడ తెరిచి ఉందో వెతికే ప్రోగ్రాములు రాత్రీపగలూ నడుస్తూనే ఉంటాయి. దొరికిన చోటల్లా పాస్‌వర్డ్‌లు ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నిస్తాయి. నంబర్ మార్చి 3390 పెట్టుకుంటే సరిపోతుందని కొందరు చెప్తారు. అన్ని పోర్టులూ తట్టి చూసేవాళ్లకి అది దాచినట్టు కాదు. పాస్‌వర్డ్ గట్టిదైతే చాలనుకోవడానికీ లేదు. 2019 మే నెలలో బయటపడిన బ్లూకీప్ అనే లోపంలో పాస్‌వర్డ్‌తో పనే లేదు, లాగిన్ కాకముందే యంత్రంలోకి దూరే వీలుండేది. అది విండోస్ 7, ఎక్స్‌పీ లాంటి పాత విండోస్‌లలో ఉన్న లోపమే. అయినా దాని తీవ్రత చూసి, 2014లోనే సపోర్ట్ ఆపేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ విడుదల చేసింది. ఆ లోపానికి మందు ఉంది. కొత్తది ఎప్పుడు బయటపడుతుందో ఎవరికీ తెలియదు కాబట్టే ఆ తలుపు వీధిలోకి పెట్టకూడదు.

భద్రత సంగతి పక్కన పెట్టినా, రిమోట్ డెస్క్‌టాప్ మీ అవసరానికి సరిపోదు. మీరు పక్క గదిలోంచి పరీక్షించినప్పుడు నాన్నగారు తన కంప్యూటర్ ముందు కూర్చుని ఉండి ఉండరు. కూర్చుని ఉంటే, మీరు లోపలికి రాగానే ఆయన స్క్రీన్ మీద లాక్ పడి ఉండేది. మామూలు విండోస్‌లో ఒకసారికి ఒక్కరే పనిచేయగలరు. ఆయన మళ్లీ పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వస్తే మీరు బయటికి వెళ్లిపోతారు. అది ఆఫీసులో వదిలేసి వచ్చిన మన కంప్యూటర్‌ని ఇంటినుంచి మనమే వాడుకోవడానికి చేసిన ఏర్పాటు. మీకు కావాల్సింది ఇద్దరూ ఒకే తెర చూస్తూ, మీరు బాణం గుర్తు కదిలిస్తుంటే ఆయన "ఓహో, అక్కడా" అనుకోవడం. నాన్నగారు చూసి నేర్చుకోగలిగితే వచ్చే నెల అదే ప్రశ్నతో ఫోన్ రాదు. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద లాభం అదే.

అందుకు విండోస్‌లోనే క్విక్ అసిస్ట్ అనే ప్రోగ్రాం ఉంది. విండోస్ 11లో ముందే ఉంటుంది. విండోస్ 10లో పాతది తీసేసి ఉంటే మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి ఉచితంగా వేసుకోవచ్చు. (విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. నాన్నగారిది అదే అయితే దాని గురించి కూడా ఆలోచించండి.) ఇది రూటర్‌తో ఎందుకు గొడవపడదంటే, ఇందులో ఎవరూ ఎవరి ఇంట్లోకీ నేరుగా రారు. మీ కంప్యూటర్ బయటికి వెళ్లి మైక్రోసాఫ్ట్ సర్వర్‌ని పలకరిస్తుంది. నాన్నగారిదీ అలాగే బయటికి వెళ్లి అక్కడికే చేరుతుంది. రెండూ అక్కడ కలుస్తాయి. వాడేది 443 పోర్ట్, అంటే మనం రోజూ వెబ్‌సైట్లు చూసే సురక్షిత దారే. రెండు రూటర్ల దృష్టిలోనూ ఇది లోపలివాళ్లు బయటికి చేసిన కాల్. సీజీ నాట్ ఉన్నా అడ్డు కాదు. విండోస్ ఫైర్‌వాల్ బయటికి వెళ్లేవాటిని మామూలుగా ఆపదు కాబట్టి అక్కడ కొత్త రూలు కూడా రాయక్కర్లేదు.

వాడకం ఇలా ఉంటుంది. మీరు క్విక్ అసిస్ట్ తెరిచి, సహాయం చేసే వైపు ఉన్న బటన్ నొక్కి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అవ్వాలి. అకౌంట్ మీకుంటే చాలు, నాన్నగారికి అక్కర్లేదు. మీకో చిన్న కోడ్ వస్తుంది. దాని ఆయుష్షు పది నిమిషాలే, కాబట్టి ఆయన కంప్యూటర్ ముందు కూర్చున్నాకే తీయండి. ఆయన కంట్రోల్, విండోస్, క్యూ మూడు మీటలూ కలిపి నొక్కితే ఆయన దగ్గర క్విక్ అసిస్ట్ తెరుచుకుంటుంది. మీరు చెప్పిన కోడ్ కొట్టి, తర్వాత వచ్చే ప్రశ్నకి సరే అనాలి. మొదట మీకు తెర మాత్రమే కనిపిస్తుంది. మౌస్ కూడా కావాలంటే మీరు అడగాలి, ఆయన మళ్లీ ఒప్పుకోవాలి. ఈ రెండోసారి అడగడం విసుగనిపించినా, అది ఉండడమే మంచిది. ఎవరి కంప్యూటరో వాళ్ల చేతిలోనే ఉందన్న నమ్మకం పెద్దవాళ్లకి అవసరం. చాలాసార్లు మౌస్ తీసుకోకుండానే పని అయిపోతుంది.

ఒక్క చోట మాత్రం తప్పకుండా తికమక పడతారు, ముందే చెప్తున్నాను. ఏదైనా ఇన్‌స్టాల్ చేయబోతే విండోస్ తెర మసకబరిచి "ఈ ప్రోగ్రాం మార్పులు చేయడానికి ఒప్పుకుంటారా" అని అడుగుతుంది కదా. ఆ క్షణంలో మీవైపు తెర నల్లబడుతుంది లేదా ఆగిపోతుంది. కనెక్షన్ తెగిందని టెన్షన్ పడొద్దు. దూరం నుంచి ఎవరూ ఆ బటన్ నొక్కకూడదని విండోస్ కావాలనే అలా చేస్తుంది. నాన్నగారే యస్ నొక్కాలి. అందుకే మొత్తం పని అయ్యేదాకా ఫోన్ లైన్లో ఉండండి. ఆయన రోజువారీ అకౌంట్‌కి అడ్మిన్ హక్కులు లేకపోతే ఆ పెట్టె పాస్‌వర్డ్ కూడా అడుగుతుంది. అది ఆయన దగ్గర రాసి ఉందో లేదో ముందే కనుక్కోండి.

మీది మ్యాక్ అయితే క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ చూడండి. పేరులో రిమోట్ డెస్క్‌టాప్ అని ఉన్నా అది 3389తో పనిచేసేది కాదు, ఇది కూడా బయటికి వెళ్లి కలుసుకునే రకమే. ఇందులో కోడ్ సహాయం తీసుకునేవాళ్ల దగ్గర పుడుతుంది, 12 అంకెలు ఉంటుంది. కొద్దిసేపటికోసారి కొనసాగించమంటారా అని ఆయన్ని అడుగుతుంది. ఆ పెట్టె ఆయన చూడకుండా వదిలేస్తే మధ్యలో తెగుతుంది. టీమ్‌వ్యూయర్, ఎనీడెస్క్ కూడా ఇలాంటివే. టీమ్‌వ్యూయర్ ముందు 5938 పోర్ట్‌లో ప్రయత్నించి, అది కుదరకపోతే 443కి వస్తుంది. సొంత వాడకానికి రెండూ ఉచితమే. కానీ వాటిలో ఎవరూ లేనప్పుడు కూడా లోపలికి వచ్చేలా శాశ్వత పాస్‌వర్డ్ పెట్టుకునే వీలుంటుంది. అది పెట్టొద్దు. నాన్నగారు ఎదురుగా ఉండి ఒప్పుకుంటేనే తెరుచుకోవాలి.

ఇంత చేసినా రాకపోతే తప్పు నాన్నగారి ఇంట్లోనే ఉందనుకోకండి, మీవైపు కూడా చూడండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌తో ప్రయత్నిస్తున్నారా? చాలా కంపెనీలు తమ యంత్రాల్లో ఇలాంటి ప్రోగ్రాములను ఆపేస్తాయి. 2024 మేలో మైక్రోసాఫ్ట్ స్వయంగా, క్విక్ అసిస్ట్‌ను అడ్డం పెట్టుకుని దొంగలు కంపెనీల్లోకి దూరుతున్నారని హెచ్చరించి, వాడనివాళ్లు దాన్ని తీసేయడమో ఆపేయడమో మంచిదని సంస్థలకు సూచించింది. కాబట్టి ఆఫీసువాళ్లతో వాదించకుండా సొంత ల్యాప్‌టాప్ వాడండి. హాస్టల్ వైఫై లాంటివి అడ్డుపడితే మీ ఫోన్ హాట్‌స్పాట్‌తో ఒకసారి ప్రయత్నించండి. అప్పుడు వస్తే అడ్డు ఎక్కడుందో తేలిపోయినట్టే. నాన్నగారి కంప్యూటర్‌లో విడిగా కొన్న యాంటీవైరస్ ఉంటే దాని సొంత ఫైర్‌వాల్ కూడా ఒక అనుమానితుడే. దాన్ని మొత్తం ఆపక్కర్లేదు, అది అడ్డుకున్న ప్రోగ్రాముల జాబితాలో క్విక్ అసిస్ట్ ఉందేమో చూసి అనుమతి ఇవ్వండి. ఆయన కంప్యూటర్‌లో తేదీ, సమయం కూడా చూడమనండి. పాత కంప్యూటర్లలో మదర్‌బోర్డ్ మీద ఉండే చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి వెళ్తుంది. అప్పుడు సురక్షిత కనెక్షన్ ఏదీ కుదరదు, కారణం మాత్రం ఎక్కడా తిన్నగా చెప్పదు.

బొమ్మ నెమ్మదిగా కదిలితే, చూడాల్సింది నాన్నగారి ఇంటి అప్‌లోడ్ వేగం. తెరను పంపేది ఆయన వైపు కాబట్టి మీ ఇంట్లో ఎంత వేగం ఉన్నా లాభం లేదు.

నాన్నగారు పక్కన లేకుండా కూడా ఆ కంప్యూటర్‌లోకి వెళ్లాల్సిన అవసరం నిజంగా ఉంటే, అప్పుడు రిమోట్ డెస్క్‌టాప్ వాడండి, కానీ వీపీఎన్ లోపల నుంచి, అంటే ఇంటర్నెట్ మీదే మీ రెండు వైపుల మధ్య వేసుకునే తాళం ఉన్న సొంత దారిలోంచి. మీకు పక్క గదిలో పనిచేసింది కాబట్టి ఆయనది విండోస్ ప్రో అయి ఉంటుంది. హోమ్ ఎడిషన్‌లోకి అలా వెళ్లడానికి వీలుండదు. కొన్ని రూటర్లలో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ముందే ఉంటుంది. సరైన తాళంచెవి లేనివాళ్లు తట్టినా అది జవాబే ఇవ్వదు, అక్కడ ఏదో ఉందని కూడా బయటికి తెలియదు. సీజీ నాట్ ఉంటే రూటర్‌లోని వైర్‌గార్డ్‌ని బయటినుంచి చేరలేరు, కాబట్టి టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ ప్రోగ్రాం వేసుకోవాలి. అది రెండు యంత్రాలనూ బయటికి పంపి కలుపుతుంది. అది ఇచ్చే అడ్రస్‌లు కూడా 100తోనే మొదలవుతాయి. పైన చెప్పిన పరీక్ష చేసేటప్పుడు వాటిని చూసి పొరబడొద్దు, రూటర్ పేజీలో ఉన్నదే లెక్క. ఇదంతా చేయాలంటే మీరు ఆ ఇంట్లో ఉన్నప్పుడే కుదురుతుంది. ఫోన్లో చెప్పి చేయించకండి. కంప్యూటర్ నిద్రలోకి వెళ్లకుండా పవర్ సెట్టింగులు మార్చడం మర్చిపోవద్దు. నిద్రపోయిన యంత్రాన్ని ఏ వీపీఎన్ కూడా చేరలేదు.

ఇక నాన్నగారితో మాట్లాడాల్సిన విషయం ఒకటుంది. ఈ క్విక్ అసిస్ట్ ఆయనకి అలవాటయ్యాక, ఎవరో ఫోన్ చేసి "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ కోడ్ కొట్టండి" అంటే అది ఆయనకి కొత్తగా అనిపించదు. తెలిసిన పనే కాబట్టి చేసేస్తారు. ఈ ప్రమాదాన్ని మనమే ఆయన ఇంటికి తీసుకెళ్తున్నాం కాబట్టి దానికి విరుగుడు కూడా మనమే చెప్పాలి. మీ ఇద్దరి మధ్య ఒక కట్టుబాటు పెట్టుకోండి: సహాయం కావాలని ఎప్పుడూ ఆయనే మీకు, ఫోన్లో సేవ్ చేసి ఉన్న మీ నంబర్‌కే చేయాలి. బయటినుంచి ఎవరు ముందుగా చేసినా, బ్యాంకు అన్నా, ఇంటర్నెట్ కంపెనీ అన్నా, చివరికి మీ గొంతులా వినిపించినా, పెట్టేసి తిరిగి మీకు చేయాలి. అలా పెట్టేసినందుకు మీరెప్పుడూ నొచ్చుకోరని కూడా చెప్పండి. పెద్దవాళ్లు మర్యాద కోసమే ఫోన్ పెట్టలేక చిక్కుకుంటారు. మీరు తెర చూస్తున్నంతసేపూ ఆయన బ్యాంకు పేజీ తెరవకుండా ఉండటం కూడా అలవాటు చేయండి. మీ మీద అనుమానంతో కాదు, ఆ అలవాటు ఉంటే వేరేవాళ్లు చూస్తున్నప్పుడు కూడా ఆయన చేయి ఆగుతుంది.

రూటర్ పేజీ తెరిచి ఫార్వర్డింగ్ తీసేసేటప్పుడు, ఆ రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టె మీద అచ్చువేసిందే ఇంకా ఉందేమో చూసి మార్చమనండి. యూపీఎన్‌పీ అని ఒక సెట్టింగ్ కనిపిస్తుంది. లోపలి ప్రోగ్రాములు అడగగానే తనంతట తానే పోర్టులు తెరిచేది అదే, అవసరం లేకపోతే ఆపేయొచ్చు. తర్వాత క్విక్ అసిస్ట్‌తో ప్రయత్నించి చూడండి. అప్పటికీ రాకపోతే మళ్లీ రాయండి. రాసేటప్పుడు రెండువైపులా ఉన్న విండోస్ వెర్షన్, మీరు వాడిన నెట్‌వర్క్ ఇంటిదా ఆఫీసుదా ఫోన్‌దా, తెర మీద కనిపించిన ఎర్రర్ మాటలు ఉన్నదున్నట్టుగా పంపండి. పబ్లిక్ ఐపీ అడ్రస్ పూర్తిగా పంపొద్దు, మొదటి రెండు అంకెల గుంపులు చాలు.